బోధన్‌లో లేచిన మిరుగం

1992 చలికాలంలో సంచార నక్షత్రశాల డెమాన్‌స్ట్రేటర్‌గా నన్ను నిజామాబాద్ జిల్లాకు వేశారు. డెమాన్‌స్ట్రేటర్ అంటే ఆకాశం చూపిస్తూ మాట్లాడేవాడు. క్యురేటర్‌కు కింద, టెక్నీషియన్‌కు పైన. పైన అన్నమాటే గానీ, మా టెక్నీషియన్ యాదగిరి ఊ అంటేనే ఏ పనైనా కదిలేది. వ్యాను నడిపేది, బ్లోయర్‌తో గాలి కొట్టి గుడ్డ గుమ్మటం నిలబెట్టేది, మిషను చూసుకునేది అన్నీ అతనే.

మిషన్ అంటే చిల్లులు పొడిచిన గోళం, లోపల గోరంత బల్బు. ఒక్కో చిల్లు ఒక్కో చుక్కై గుమ్మటం మీద పడుతుంది. వెలుగు పెంచే నాబ్ మీద ఎర్రగీత ఉండేది. అది దాటితే బల్బు మాడుతుంది గనుక దాటొద్దని ఆఫీసు ఆర్డరు. స్పేర్ బల్బు అప్పటికే వర్ని అనే ఊళ్లో షో వేస్తుండగా పోయింది. మిగిలింది ఒక్కటే. బోధన్ షో మర్నాడు పొద్దున చందూర్ బడిపిల్లలకు షో ఉంది.

బోధన్‌లో ఒక బడి హాల్లో గుమ్మటం వేశాం. ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. బ్లోయర్ బయటి గాలినే లాగుతుంది కాబట్టి గుమ్మటం లోపలంతా చెరుకు రసం కాగిన వాసన. సాయంత్రం ఆఖరి షోకు, చుట్టిన బీడీలు అప్పజెప్పి ఆడవాళ్లు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి, దండం పెట్టుకుని, వంగి లోపలికి వచ్చారు.

మా పద్ధతి ప్రకారం ముందు పొద్దు గూకించాలి. చుట్టూ ఉన్న ఎర్ర లైట్లు మెల్లగా తగ్గిస్తూ జనాన్ని మాటల్లో పెడతాం. ఆలోగా కళ్లు చీకటికి అలవాటుపడతాయి. అప్పుడు చుక్కలు వేస్తాం. ఎన్నిసార్లు చూసినా ఆ ఘడియలో నా ఒళ్లు జల్లుమనేది. ఆడవాళ్లంతా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు.

అందులోంచి ఒక గొంతు నెమ్మదిగా అడిగింది: "సారూ, ఎప్పుడు సూపిస్తరు?"

నలుగురు నవ్వారు. ఆమె తోడికోడలు సిగ్గుపడుతూ నాకు చెప్పింది. "మా లచ్చవ్వకు చిన్నప్పటి సంది రేచీకటి సారూ. పొద్దుగూకితే ఏం కండ్లవడది. బీడీలు గూడ తడుముకుంటనే చుడ్తది. గీడనన్న సుక్కలు సూస్తదని నేనే గుంజుకొచ్చిన."

లచ్చవ్వ, "నాకిది రోజు ఉన్న ముచ్చటే, మీరు నడిపియ్యుండ్రి" అంది. ఆకాశం చూపెట్టడమే నా కొలువు. యాభై ఏళ్ల మనిషి ఒక్క చుక్కైనా చూడకుండా నా ముందు కూర్చుంది.

గుమ్మటం అంచున చుక్క మొహానికి దగ్గరగా, పెద్దగా కనబడుతుంది. తూర్పు అంచున అప్పుడే మృగశిర, ఇక్కడివాళ్లు మిరుగం అనేది, లేస్తోంది. లచ్చవ్వను చెయ్యి పట్టి అక్కడ నిలబెట్టి, నాబ్ పెంచమన్నాను. యాదగిరి ఒప్పుకోలేదు. "గీత దాటితే పోతది సార్. రేపు చందూర్ పిల్లలకేం జెప్తరు?" సబబైన ప్రశ్నే. నేను చెప్పుకుంటానన్నాను.

నాబ్ గీత దాటింది. ఆ గుమ్మటంలో నేనెన్నడూ చూడని సన్న చుక్కలు కూడా పైకి తేలాయి. లచ్చవ్వ ముందుకు చెయ్యి చాచింది. పొగాకు మరకల వేళ్ల మీద ఒక చుక్క వచ్చి పడింది.

"గిదేనా సారూ?"

"గిదే అవ్వా. మిరుగం సుక్కల్లో ఒకటి."

"మిరుగమంటే వానలనుకున్న. సుక్కలా?" చెయ్యి తిప్పింది. చుక్క అరచేతిలోకి వచ్చింది. "ఇవి రోజు ఉంటయా?"

"చలికాలమంత ఉంటయి."

"మా ఇంటి మీద గూడనా?"

"మీ ఇంటి మీద గూడ."

ఆమె అరచేతిని అలాగే పట్టుకుని నిలబడింది. కాసేపటికి బల్బు టప్పున ఆరిపోయింది.

"ఇగ మీరందరు నా లెక్కనే అయిండ్రు" అంది లచ్చవ్వ చీకట్లో. గుమ్మటమంతా నవ్వింది, యాదగిరితో సహా.

కొత్త బల్బుకు యాదగిరి బస్సెక్కి హైదరాబాద్ పోయొచ్చాడు. చందూర్ షో ఒకరోజు వాయిదా పడింది. హెడ్‌మాస్టర్ నన్ను నిలబెట్టి తిట్టాడు, పడ్డాను. ఆఫీసు మెమో ఇచ్చింది, తీసుకున్నాను.

చీకటి అందరికీ ఒకటే అనుకుని మా పద్ధతి రాసుకున్నామని నాకు ఆరోజు తెలిసింది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, లైట్లు తగ్గించే ముందే రేచీకటి ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగి, వాళ్లను అంచున కూర్చోబెట్టేవాణ్ని. చాలా ఊళ్లలో ఒక చెయ్యి లేచేది. అంతకుముందు తిరిగిన ఊళ్లలోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు ఏమీ చూడకుండానే అందరితో పాటు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు.