సీసాలోని తల్లి

మొన్న ల్యాబ్‌లో పాత బీరువా తలుపు తీయగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. పాఠం మధ్యలో ఉన్నానన్న సంగతే మరిచిపోయి వరండాలోకి వచ్చేశాను. ఖమ్మంలో జువాలజీ చెబుతూ ఇంతకాలమైనా, ఆ వాసన తగిలితే చాలు, మళ్ళీ మా లెక్చరర్ వనజ మేడం పక్కన బిక్కచచ్చి నిలబడ్డ విద్యార్థినినైపోతాను.

మేడం ఎంత సున్నితమైన మనిషంటే, వాగులో మా కాళ్ళకింద ఒక కప్పపిల్ల నలిగినా ఆ పూటంతా మాతో మాట్లాడేవారు కాదు. ఒక వానాకాలం మమ్మల్ని పినపాక దాటి అడవిలోకి తీసుకెళ్ళారు. రాళ్ళ క్వారీ కోసం అక్కడి సన్నటి వాగును పూడ్చేస్తారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నేనొక రాయి తిప్పాను. దాని కింద నల్లటి చిన్న జీవి చుట్ట చుట్టుకుని ఉంది.

"మేడం, సాలమాండర్!" అని అరిచాను.

"కాళ్ళేవే? సాలమాండర్‌కు బల్లిలెక్క కాళ్ళుంటయ్. అవి గీ గుట్టలల్ల ఉండవు, హిమాలయాల దిక్కు ఉంటయ్," అంటూ ఆమె మోకాళ్ళ మీద వంగారు. ఒళ్ళంతా ఉంగరాల్లాంటి గీతలు, తడి చర్మం, దాని కింద చుక్కల్లాంటి కళ్ళు. "పాము గాదు, పొలుసుల్లేవు. వానపాము గాదు, దవడలున్నయ్. కాళ్ళు లేని కప్ప ఇది. సిసీలియన్ అంటరు."

చుట్ట మధ్యలో సగ్గుబియ్యంలా గుడ్లు. తల్లి! నేనింకా మురిసిపోతూనే ఉన్నాను, మేడం దాన్ని ఎత్తి స్పిరిట్ సీసాలో వేశారు. అది ఒక్కసారి మెలితిరిగింది.

"గిట్ల చేసిండ్రేంది మేడం? గుడ్లున్నయ్ కదా!"

"ఫోటో చూపిస్తే ఆఫీసులల్ల వానపామని నవ్వుతరు. సీసా చూపిస్తే ఎవ్వడూ కాదనలేడు. పేరు లేనిదాని ఇల్లు ఎవడైనా కూలుస్తడు," అన్నారు. సీసా వైపు చూడకుండానే మూత బిగించారు.

గుడ్లను తడినాచులో చుట్టి తన టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చారు. ల్యాబ్‌లో వాటి దగ్గరే కూర్చుని నీళ్ళు చిలకరించేవారు. ఒకటొకటే తెల్లబడి చెడిపోయాయి. డబ్బా కడిగి ఆరబెట్టారు కానీ, మళ్ళీ అందులో ఆమె అన్నం తినగా నేను చూడలేదు. సీసా పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి క్వారీ వేరే గుట్టకు పోయింది, వాగు మిగిలింది. ఆ సీసా ఇప్పుడు మా ల్యాబ్ బీరువాలోనే ఉంది. ఆమె చేసింది తప్పని ఈ రోజుకీ అనలేను. ఒప్పని అనబోతే ఆ మెలికే కళ్ళముందుకు వస్తుంది.

పోయిన వానల్లో నా విద్యార్థులను అదే వాగుకు తీసుకెళ్ళాను. ఒకమ్మాయి రాయెత్తి కేక పెట్టింది. అదే చుట్ట, మధ్యలో గుడ్లు.

"మేడం, సీసా తేవాల్నా?"

"వద్దమ్మా," అన్నాను. "మన దగ్గర ఒకటుంది."

రాయిని ఎట్లా ఉన్నదో అట్లాగే మెల్లగా పెట్టించాను.