మూడొద్దుల నాడు అన్నం మోసినవాళ్లు

నిన్న సాయంత్రం అమీన్‌పూర్ నుంచి ఇంటికి వస్తుంటే వాన పట్టుకుంది. శ్మశానం గోడ పక్కనున్న రేకుల షెడ్డు కింద స్కూటీ ఆపాను. గోడ అవతల ఎవరిదో చితి అప్పటికే చల్లారినట్టుంది, దాని మీద చినుకులు పడి తడి బూడిద వాసన గుప్పుమంది. పక్కన నిలబడ్డవాళ్లు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఎస్తేరు టీచర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. శ్మశానం పక్కన నవ్వుతున్న ఆడమనిషిని చూసి వాళ్లు ఇంకాస్త దూరం జరిగారు.

ఎస్తేరు టీచర్ పటాన్‌చెరు బడిలో సోషల్ చెప్పేవారు. నేను అదే బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆవిడ రిటైరయ్యాక, సంగారెడ్డిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒకాయన జిల్లా ప్రముఖుల జీవితాలతో పుస్తకం వేస్తానన్నాడు. రాసే పని ఆవిడ తీసుకుని, బండి నడిపే పని నాకు అంటగట్టారు. ఆవిడది ఒకటే పట్టు. ప్రతి మనిషి కథలో చివరి వాక్యం, వాళ్లను ఎక్కడ దహనం చేశారో, బూడిద ఎక్కడ కలిపారో చెప్పాలి. అది విన్నమాట కాకూడదు, చూసినవాళ్ల మాట కావాలి. "యాడ పుట్టిండ్రో అందరు రాస్తరు. యాడ కలిసిండ్రో గూడ రాయాలె గద. మనిషి ఊకెనే మాయమైపోతడా ఏంది?" అనేవారు. చర్చి కుటుంబం ఆవిడది. "మాకు సమాధి ఉంటది, దాని మీద పేరుంటది. మీ బూడిదను పట్టుకోవాలంటేనే జెర ఎక్కువ తిరగాలె" అని నన్ను ఏడిపించేవారు. ఒకచోట కాటికాపరి మమ్మల్ని గేటు దగ్గరే ఆపి, ఆడవాళ్లు లోపలికి రావద్దన్నాడు. "ఎన్నడో ఒకనాడు రావల్సినోళ్లమే తమ్మీ. ముందుగాల తొవ్వ సూసుకుంటున్నం" అన్నారు టీచర్. అతను పకపకా నవ్వి గేటు తీశాడు. ఆవిడ ఎదుట నా భయాలన్నీ అలాగే గేటు తీసేవి.

పుస్తకం దాదాపు అయిపోయింది. నర్సవ్వ దగ్గర మాత్రం ఆగింది. నర్సవ్వ భానూర్ వైపు పల్లెలో కూలి మనిషి, పాటగత్తె. ఫ్యాక్టరీల నల్లనీళ్లు వాగులోకి వచ్చినప్పుడు ఆమె పాటకే చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. చిన్న వయసులోనే జ్వరంతో పోయింది. ఇన్నేళ్లకు, రింగు రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మే ఒక నాయకుడు, ఆమెను తమ పొలంలోనే దహనం చేశారని చెప్పి తన వెంచర్ ముందు స్మారక శిల పాతించాడు. అందరూ నమ్మారు. నర్సవ్వ కూతురు యాదమ్మ ఒక్కతే నమ్మలేదు. తల్లి పోయేనాటికి చిన్నపిల్ల, చూడనివ్వలేదు. ఇప్పుడు కొల్లూరు కాలనీలో ఉంటూ క్యాంటీన్‌లో పనిచేస్తోంది. ఒక ఆదివారం టీచర్ ఇంటికొచ్చి నేల మీద కూలబడింది. "ఆ రాయి కాడ పూలు పెడ్దామంటె నాకు చేతులు లేస్తలేవు టీచరమ్మా. మా అమ్మ ఆడ లేదు. ఊరోళ్లను అడిగితె మంజీరల కలిపినమంటరు గని కాలవెట్టిన జాగ చెప్పరు. అది యాడనో చెప్పుండ్రి, ఒక్కసారి మొక్కుకుంట" అంది.

ఆ ఊళ్లో పెద్దమనుషులందరినీ అడిగాం. ఒకాయన వాగు ఒడ్డు అన్నాడు, ఒకాయన నాయకుడి పొలమే అన్నాడు, ఇంకొకాయనకు ఆ రోజు తాగిన కల్లు తప్ప ఏమీ గుర్తులేదు. "ఒక్క వాక్యం కోసం పుస్తకం ఆపుతరా టీచర్?" అని ప్రెస్ ఆయన ఫోన్‌లో విసుక్కున్నాడు. "ఆపుత" అని పెట్టేశారు. నాకూ విసుగొచ్చింది. రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతూ ఇక వదిలేద్దామన్నాను. ఆవిడ గ్లాసు కింద పెట్టారు.

"ఇన్ని రోజులు మనం ఎవర్ని అడిగినం?"

"మొగోళ్లనే. కాటికి పోయేది వాళ్లే గద టీచర్."

"అది మొదటి రోజు. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టే అన్నం ఎవరు వండుతరు? ఎవరు మోస్తరు?"

నేను పుట్టి పెరిగిన ఆచారం, నాకే తట్టలేదు! మూడో రోజు చితి దగ్గర, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా కూర్చుంటారు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని తలచి, అది తీరుస్తామని మాటిస్తారు. అక్కడికి గంపలు మోసేది ఆడవాళ్లే.

మళ్లీ ఆ ఊరికే వెళ్లి ఆడవాళ్లను అడిగితే, ఆ నాడు గంప మోసిన నర్సవ్వ స్నేహితురాలు బాలమ్మ ఇల్లు చూపించారు. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. టీచర్ అడగగానే చేటను పక్కకు జరిపింది.

"యాదికెట్ల లేదమ్మా? ఎండల కూసోని పానం పోయింది. వాగు మలుపుల నల్లబండ లేదా, నర్సవ్వ కూసోని పాడే బండ, దాని పక్కనే కాలవెట్టిండ్రు. పిట్ట చెట్టు మీదికెల్లి సూస్తది గని దిగదు. కల్లు పోసినం, దిగలే. ఆఖరికి నేను లేచి అన్న, 'నర్సవ్వా, నీ బిడ్డ రందేనా? మేమున్నం. సదివిస్తం, ఆకలి గానియ్యం. ఇగ ముట్టు తల్లీ' అని. అన్ననో లేదో, దిగింది."

"మరి బూడిద?"

"మొగోళ్లు మంజీరల కలిపిండ్రు. పిడికెడు మాత్రం మేము ఆడోళ్లం ఆ బండ పగులుల పోసి మట్టి కప్పినం. ఊరి పొలిమెరల బూడిద ఉంచొద్దంటరు గద, ఎవ్వలకు చెప్పలే. పిల్ల అడిగినా మంజీర అనే అన్నం. ఇప్పుడు ఆ పెద్దలు లేరు, భయం లేదు. మొగోళ్లకెందుకు చెప్పలేదంటవా? వాళ్లు ఎన్నడు అడిగిండ్రు?"

నేను ఎగిరి గంతేయబోయాను. టీచర్ నా భుజం నొక్కి ఆపారు. ఆ రోజు గంప మోసిన ఇంకో ముసలమ్మ వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటోందని తెలుసుకుని నేరుగా అక్కడికి పదమన్నారు. బాలమ్మ చెప్పిందేదీ ఆమె ముందు పైకి అనలేదు. ఉత్తగా అడిగారు. అదే బండ, అదే మాట, అదే పిడికెడు. బయటికొచ్చాక ఎస్తేరు టీచర్ నడివీధిలో రెండు చేతులూ ఎత్తి "హల్లెలూయా!" అని అరిచిన అరుపుకు కోళ్లు చెల్లాచెదురయ్యాయి. ఆ సంతోషం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

మర్నాడే యాదమ్మను బండ దగ్గరికి తీసుకెళ్లాం. హాస్టల్లో చదువుకునేటప్పుడు ప్రతి ఆదివారం ఊళ్లోంచి ఎవరో ఒక ఆడమనిషి సర్వపిండి కట్టుకుని వచ్చేదట. తల్లిలేని పిల్లని జాలిపడుతున్నారనుకునేదట. "జాలి కాదు బిడ్డా, మీ అమ్మకు మాటిచ్చినం. ఈడ్నే" అంది బాలమ్మ. యాదమ్మ ఆ పగులు మీద చెయ్యి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని తల్లి పాట ఎత్తుకుంది. ముసలి గొంతులన్నీ కలిశాయి. రోడ్డు మీద పోయే కంపెనీ బస్సు ఆగింది.

పుస్తకంలో నర్సవ్వ కథకు ఆఖరి వాక్యం ఇలా పడింది: "నర్సవ్వను వాగు మలుపు నల్లబండ పక్కన దహనం చేశారు, అస్థికలు మంజీరలో కలిశాయి, పిడికెడు మాత్రం ఆ బండ పగులులో ఉంది, దాచినవాళ్లు ఆమె స్నేహితురాళ్లు." చదివి ప్రెస్ ఆయన కళ్లద్దాలు తీశాడు. నాయకుడి శిల చప్పుడు లేకుండా మాయమైంది.

ఎస్తేరు టీచర్ ఇప్పుడు సంగారెడ్డిలో, చర్చి వెనక సమాధిలో ఉన్నారు. నేను చూశాను, నేనే మట్టి వేశాను. రెండో పుస్తకం నేను రాస్తున్నాను.

నిన్న వాన తగ్గుతుండగా ఫోన్ మోగింది. జహీరాబాద్ వైపు నుంచి, ఈ పుస్తకానికి వివరాలు సేకరిస్తున్న ఒక కుర్ర విలేకరి. "యాడ కాలవెట్టిండ్రో ఊర్ల ఎవ్వరికీ యాదికి లేదు మేడమ్. పెద్దమనుషులందర్నీ అడిగిన" అన్నాడు.

మళ్లీ నవ్వొచ్చింది. స్కూటీ తాళం తిప్పాను.

"మూడొద్దుల నాడు అన్నం మోసినోళ్లు ఎవరో కనుక్కో తమ్మీ. నేనొస్తున్న."