బల్లకట్టు పనికి రంపం కొన్న రోజు

1999 ఫిబ్రవరి 12, శుక్రవారం, ఉదయం పదిన్నర. మూడడుగుల బల్లముక్క భుజాన వేసుకుని నందిగామలో బస్సు దిగి, రాజ్యలక్ష్మమ్మ గారి పనిముట్ల కొట్టు మెట్లెక్కాను. మాది జగ్గయ్యపేట. నేను వడ్రంగిని. నలభై దాటాక వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు దిద్దినవాణ్ణి కాబట్టి నా రాత నున్నగా ఉండదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

ముక్త్యాల రేవులో కృష్ణ దాటించే బల్లకట్టుకు పలకలు పుచ్చిపోయాయి. బల్లకట్టంటే మనుషుల్నీ బండ్లనూ అవతలి ఒడ్డుకు చేర్చే చదునైన పెద్ద పడవ. దాని డెక్, అంటే పైన పరిచే చెక్క నేల, మొత్తం మార్చే పని నాకొచ్చింది. అంత పెద్ద పని రావడం అదే మొదలు. రెండంగుళాల మందం నల్లమద్ది పలకలు రేవులో దిగి ఉన్నాయి. నా భుజాన ఉన్నది అందులో ముక్కే. చేతి రంపంతో అయితే నెల పడుతుంది. సోమవారానికల్లా మిషన్‌తో కోత మొదలుపెట్టకపోతే బెజవాడ వాళ్ళను దించుతానని గుత్తేదారు తెగేసి చెప్పాడు.

రాజ్యలక్ష్మమ్మ గారి భర్తకు పక్షవాతం వచ్చాక కొట్టు ఆవిడే చూసుకునేవారు. వెనక షెడ్డులో ఖాసిం మిషన్లు బాగుచేసేవాడు. నేను నాలుగంగుళాల కట్టర్ అడిగాను. అది అసలు రాళ్ళు కోసేది. మా వాళ్ళంతా దానికే చెక్క బ్లేడు బిగించి వాడుతున్నారు, తేలిగ్గా చేతిలో ఇముడుతుంది. ఆవిడ టేపు తీసి నా బల్లముక్క మందం కొలిచారు.

"కట్టర్ అంగుళంపావు మించి దిగదండీ. తిరగేసి రెండో వైపు కోస్తారు, రెండు కోతలూ ఒకే గీతలో కలవవు. దాని మీద ట్రాక్టర్లు ఎక్కిస్తారా?"

ఆవిడ ఏడంగుళాల సర్క్యులర్ సా తెప్పించారు. గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం అది. రెండున్నర అంగుళాలు దిగుతుంది. అడుగున బేస్ ప్లేటు అనే రేకు బల్లకు ఆని ఉంటుంది, ఆ రేకు వంగి ఉంటే కోత వంకరపోతుంది. బ్లేడును కప్పి ఉంచే మూతను గార్డు అంటారు. కోస్తుంటే వెనక్కి తప్పుకుని, కోత అయ్యాక స్ప్రింగుతో మూసుకుంటుంది. డెక్ పలకలకు ఇరవై నాలుగు పళ్ళ బ్లేడు, తర్వాత బీరువాలకూ మంచాలకూ అరవై పళ్ళ బ్లేడు చాలన్నారు. పళ్ళు ఎక్కువైతే అంచు పెచ్చులేవదు.

బేరం కుదిరిందనుకున్నాను. అప్పుడు ఆవిడ, ఎట్లా కోస్తానో ఒకసారి చూపించమన్నారు. నేను నేల మీద గొంతుక్కూర్చుని, ముక్కను ఎడమ పాదంతో తొక్కిపట్టాను. మా నాన్న అట్లాగే కోశాడు, నేనూ ముప్పై ఏళ్ళు అట్లాగే కోశాను. ఆవిడ మిషన్ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేశారు.

"మీకు అమ్మనండీ."

ఒళ్ళు మండింది. కొనే వస్తువు నాది, కాలు నాది, మధ్యలో మీకేంటని గట్టిగానే అడిగాను.

"చేతి రంపం మీరు ఆపితే ఆగుద్ది మేస్త్రి గారూ. ఇది స్విచ్చి వదిలినా తిరుగుద్ది. నిలబడి కోస్తానంటే ఇస్తా."

మోటారుకు ఫుట్‌వాల్వు కోసం కీసర నుంచి వచ్చిన రైతులిద్దరు అక్కడే ఉన్నారు. అందులో వెంకటరత్నం అనే ఆయన నవ్వి, "ఏంది మేస్త్రీ, నిలబెట్టారే? ఎక్కాలు అప్పజెప్పలేదా?" అన్నాడు. నలభై ఏళ్ళు దాటాక పలక పట్టినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

ఆవిడ సొరుగులోంచి బైండింగ్ వైరు ముక్కల పోగు తీసి గల్లా బల్ల మీద పోశారు. గీత కనపడట్లేదని మా వడ్రంగులు గార్డును పైకి లాగి కట్టేసే వైర్లట అవి. రిపేరుకు వచ్చిన మిషన్ల నుంచి ఖాసిం విప్పినవి. కొనబోయే మిషన్‌కు కట్టడానికని నా జేబులోనూ ఒక ముక్క ఉంది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

నిలబడే కోస్తానన్నాను. రైతులతో సహా అందరం వెనక షెడ్డులోకి వెళ్ళాం. కోత గీతకు ఇవతలే రెండు స్టూళ్ళూ ఉంచి, తెగే ముక్క గాలిలో ఉండేట్టు ఖాసిం నా బల్లముక్కను బిగించాడు. ఆ ముక్క పడి అంచు చీలుతుందని, ఖాసిం ప్లగ్గు పెడుతుండగా నేను ఒక స్టూలును చివరికి జరిపాను. నా పని నాకు తెలుసునని పొగరు. ఆవిడ అది గమనించలేదు గానీ, నన్ను బ్లేడు వరసలో ఉండొద్దని, ఎడమ పక్కకు నిలబెట్టారు.

సగం కోత అయ్యేసరికి మిషన్ బరువుకు బల్ల మధ్యలో కుంగి, కోత పైన మూసుకుని బ్లేడును పట్టేసింది. మిషన్ పైకి లేచి వెనక్కి తన్నింది. దాన్నే కిక్ బ్యాక్ అంటారు. గార్డు మూసుకునే లోపే బల్ల మీద జానెడు దూరం పరిగెత్తి, నా తుంటి పక్కగా పోయింది. ఖాసిం ప్లగ్గు పీకాడు. ఎవరూ నవ్వలేదు.

బల్ల మీద అరంగుళం లోతు గాటు పడింది. నేను కూర్చుని కోసి ఉంటే ఎడమ పాదం సరిగ్గా అక్కడే ఉండేది.

ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చారు. ఒక్క దెప్పు మాట అనలేదు. నేను గ్లాసు పెట్టి, రేవుకు వెళ్ళాక చూసుకుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఇప్పుడే ఇంకోసారి కొయ్యండి. భయంతో ఇంటికెళ్తే సోమవారం చెయ్యి వణుకుద్ది."

ఖాసిం స్టూలును మళ్ళీ గీత దగ్గరకు జరిపాడు. కోశాను. తెగిన ముక్క శుభ్రంగా కింద పడింది. ఇంకో రెండు కోతలు కోశాక మిషన్ పెట్టెలో పెట్టించి నాకు అమ్మారు. జేబులో వైరు అక్కడి చెత్తడబ్బాలో వేశాను.

సోమవారం రేవులో ముందు చేసింది నడుమెత్తు కోత బల్ల. తర్వాతే పలకలు. ఎనిమిది రోజుల్లో డెక్ పూర్తయింది, నా పని నాకు మిగిలింది. ఏ రంపం కొనాలని ఎవరైనా అడిగితే, పలక మందం ఎంతో అడుగుతాను. తర్వాత, ఎక్కడ పెట్టి, ఎట్లా నిలబడి కోస్తావో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. సరుకు అమ్మనన్న మనిషి వల్ల నేను ఈ వయసులో రెండు కాళ్ళ మీద నడుస్తున్నాను. ఆ ఋణం తీరదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం అయిదుగురం. కొట్టు యజమాని రాజ్యలక్ష్మమ్మ గారు. మెకానిక్ ఖాసిం. కీసర రైతులు వెంకటరత్నం, సుబ్బారావు. వడ్రంగి నాగభూషణం, అంటే నేను.