శాంతమ్మ పెద్దమ్మ ఎవరికి దారి ఇచ్చేది

ఆటో అర్ధవీడు దాటి కొండవైపు తిరగగానే ఎండకు కాగిన బోదగడ్డి వాసన లోపలికి కొట్టింది. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం బయటికి చూశాను. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే శాంతమ్మ పెద్దమ్మ నా ముందు నడుస్తున్నట్టే ఉంటుంది.

ఆమె మా చర్చి బైబిల్ ఉమన్. కొండ కింది ఊళ్లకు నడిచిపోయి, ఆడవాళ్లకు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చేది. మా ఆయన పలకల గనిలో రాయి మీద పడి చనిపోయాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న నన్ను చెయ్యి పట్టి లేపింది ఆమే. "ఏడ్చేదేదో నడుస్తా ఏడువు పాపా, దారన్నా సాగుతాది" అంది. అలా ఆమె వెంట ఊళ్లకు పోసాగాను. అప్పట్లో నాకున్నది ఒకే ఒక్క కోరిక: మా ఆయనను ఒక్కసారి చూడాలి. గని నుంచి తెచ్చినప్పుడు ముఖం చూడనివ్వలేదు. దేవుణ్ణి రోజూ దానికోసమే పీడించేదాన్ని.

మొదటి రోజే వింత చూశాను. మిట్టమధ్యాహ్నం. పిట్ట అరుపు కూడా లేదు. కాలిబాట మీద నా ముందు నడుస్తున్న పెద్దమ్మ ఉన్నట్టుండి పక్కన ముళ్లలోకి దిగి, కొంగు తలమీదికి లాక్కుని, తల వంచి నిలబడింది. కాసేపటికి మళ్లీ బాటెక్కింది.

"ఎవరికి పెద్దమ్మా దారి ఇస్తివి?"

"వచ్చేటోళ్లకు."

"ఎవరూ రాలేదే!"

"నాకంటే ముందు పోవాల్సినోళ్లు శానామంది ఉంటారు పాపా. మనమేమన్నా దొరసానులమా, బాటంతా మనదే అనుకునేదానికి?"

నవ్వుతూనే అంది. నేను మాత్రం ఖాళీ బాటను వెనక్కి తిరిగి తిరిగి చూశాను.

ఈ సంగతి ఎలాగో చర్చిలో పాకింది. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు అందరి ముందే నిలదీశారు. "ఏందమ్మా శాంతమ్మా, దయ్యాలకు దండం పెడుతున్నావంట?"

ఆమె చాప మీద నుంచి లేచి చేతులు కట్టుకుంది. "దండం ప్రభువుకే అయ్యా. పక్కకు జరిగేది మాత్రం ఎవరికైనా జరుగుతా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి వస్తూ దారిపొడవునా అయ్యగారిని తిట్టిపోశాను. "ఆయన మాట ఆయనది. పొద్దున గంజి తాగినాం, కాళ్లు ఆడుతున్నాయి, ఇంగేం గావాల?" అని ఆమె పాట అందుకుంది. మనిషికి రోషమే లేదా అని ఆమె మీద కూడా చిరాకు పడ్డాను.

తర్వాతి వేసవిలో ఒకరోజు, అదే బాట మీద, ఆమె నా చెయ్యి పట్టుకుని తనతోపాటు పక్కకు లాగింది. "తలొంచుకో" అంది మెల్లగా. వంచాను. గాలి ఆగిపోయింది. అప్పుడు వినబడింది: ఒక అడుగు గట్టిగా, ఇంకో అడుగు నేల మీద ఈడ్చినట్టు. గనిలో ఓసారి కాలు విరిగినప్పటి నుంచి మా ఆయన నడక అదే. అడుగులు నా ఎదుటికి వచ్చి నిలిచాయి. రాతిపొడి వాసన వేసింది.

"పెద్దమ్మా, ఒక్కసారి చూస్తా," అన్నాను వెక్కుతూ.

"నీకియ్యందాన్ని గుంజుకోవద్దు పాపా. దారియ్యి."

ఆమె చెయ్యి నన్ను ఆపడం లేదు, ఊరికే పట్టుకుని ఉంది. చూడాలంటే చూడొచ్చు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, ఇంకో అడుగు వెనక్కి, ముళ్లలోకి జరిగాను. చాలాసేపటికి ఆ అడుగులు కదిలాయి. కొండవైపు పోయి, వినబడకుండా అయ్యాయి.

"ఆయనేనా?" అని అడిగాను.

"నేను మాత్రం తలెత్తినానా పాపా?" అంది. ఆమె కూడా ఏడుస్తోంది.

ఆ సాయంత్రం మోకరిస్తే, దేవుణ్ణి అడగడానికి నాకేమీ దొరకలేదు. లేచి అన్నం పెట్టుకుని తిన్నాను. మళ్లీ వడ్డించుకున్నాను.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఊళ్లకు ఇప్పుడు నేనే పోతున్నాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు బాట దిగి నిలబడతాను. ఆనాడు వచ్చింది ఆయనో కాదో ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆరాటమూ లేదు. ఏదో ఒక మధ్యాహ్నం నేనూ ఆ బాటన వెళ్లాల్సినదాన్నే. అప్పుడు ముళ్లలోకి జరిగి ఒకరు తల వంచితే నాకు చాలు.