బండిలో ఏ తప్పూ లేదు

నా పనిపెట్టె అడుగున ఒక ప్లయర్ ఉంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. దాన్ని వాడను. పారెయ్యడానికి రెండుసార్లు గెడ్డ నీళ్ల దాకా తీసుకెళ్లి, మళ్లీ తెచ్చుకున్నాను. పెట్టె ఎత్తిన ప్రతిసారీ మిగతా సామాను బరువు ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చూసుకున్నాను.

నేను మెకానిక్కుని. మాది పార్వతీపురం పక్క పల్లె. పెళ్లికి ముందే అరకు వైపు వచ్చేసి, ఘాటు రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు వేసుకున్నాను. మా షెడ్డు దగ్గర నుంచి ఒక చిన్న రోడ్డు కొండ మీది ఊళ్లకి వెళ్తుంది. ఆ రోజుల్లో దాని మీద తిరిగే సర్వీసు జీపు ఒక్కటే. అది దొన్నుది. దొన్ను ఆ కొండ మనిషే, నాకంటే రెండేళ్లు చిన్న. సంతకి మిరియాలు, పసుపు, చింతపండు దిగాలన్నా, జ్వరం వచ్చినవాళ్లు ఆసుపత్రికి దిగాలన్నా ఆ జీపే. దాన్ని ముట్టుకునే చెయ్యి నాది ఒక్కటే. కొండ మీద నన్ను పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ మేస్త్రీనే. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పటికీ ఇష్టమే, సిగ్గు లేకుండా.

ఒకరోజు ట్యాంకు కారుతోందని దొన్ను జీపు తెచ్చాడు. ట్యాంకు దింపి అతుకు వేశాను. లోపలికి దిగే డీజిల్ పైపు చివర తుప్పు పట్టి జల్లెడలా ఉంది. కొత్తది కావాలంటే విశాఖపట్నం వెళ్లాలి. ఆ రోజు మా అత్తవారి ఊళ్లో అమ్మవారి పండగ. మా ఆవిడ అప్పటికే చీర మార్చుకుని కూర్చుంది. తుప్పు పట్టిన ముక్క కోసేసి, మిగిలినది అలాగే బిగించేశాను. కోసింది రెండు వేళ్ల పొడవు. చదును నేల మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. దొన్నుకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అనుకున్నాను.

కొండ మీద బంకు లేదు. దొన్ను కింద నుంచి క్యానులో తెచ్చి పోసేవాడు, అందుకే ట్యాంకులో ఎప్పుడూ అడుగునే ఉండేది. ఆ రోడ్డులో ఒక వంపు ఉంది. అక్కడ జీపు మూతి ఆకాశంలోకి లేస్తుంది. అప్పుడు ట్యాంకులో ఉన్న కాస్త డీజిలూ వెనక్కి పోతుంది, పొట్టిదైపోయిన పైపుకి అందదు. పైపు గాలి పీలుస్తుంది. ఇంజిను రెండుసార్లు దగ్గి చచ్చిపోతుంది. దొన్ను దిగి చేత్తో పంపు కొట్టేవాడు, జనం దిగి నెట్టేవారు, వంపు దాటాక మళ్లీ అందుకునేది. ఇదంతా మీకు ఇంత తేలిగ్గా చెప్పేస్తున్నాను చూశారా? ఇంత తేలికైన సంగతి. ఒక్క మాటతో తీరిపోయేది.

ఆ వంపు దగ్గర ఒకే ఇల్లుంది. గాసి తాతది. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. నాలుగు కాఫీ మొక్కలు, కొంచెం చోడి చేను, రాగులు పండేది. జీపు అక్కడే, ఎప్పుడూ అక్కడే ఆగేది, ఆగిన ప్రతిసారీ తాత చేతిలో ఒక రాయితో ఎదురొచ్చేవాడు. వెనక చక్రం కింద ఆ రాయి పెట్టి, బండి జారకుండా పట్టుకుని, పని అయ్యాక రాయి తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మొదట్లో జనం దండం పెట్టారు. ఐదోసారో ఆరోసారో అనుమానపడ్డారు. బండి ఆగకముందే రాయి ఎలా పట్టుకొస్తున్నాడు?

నాకు తెలుసు ఎలాగో. తాతే చెప్పాడు. ఒకసారి దొన్ను నన్ను ఆ వంపు దాకా తీసుకెళ్లి చూపించాడు. దొన్ను నీళ్ల కోసం పక్కకి వెళ్లినప్పుడు తాత నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"కింద మలుపు కాడే దీని గొంతు సన్నబడిపోతంది బాబూ. నాకు ఇంటికాడికి ఇనబడతాది. దానికి నూనె అందడం నేదు. దూడకి పొదుగు అందకపోతే గాలి పీల్సదా, అలగ."

"నీకేటి తెలుసు తాతా బళ్ల గురించి?" అన్నాను.

"నాకేటీ తెల్దు. సెవులున్నాయి. నువ్వోపాలి నూనె డబ్బా ఇప్పి సూడు."

నవ్వేశాను. షెడ్డుకి తిరిగొచ్చే దారిలోనే కోసి పారేసిన ముక్క కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజే ట్యాంకు దింపి ఉండాల్సింది. ఎందుకు దింపలేదు? దొన్ను పక్కన ఉండగా దింపితే కోసిన పైపు చూస్తాడు. అప్పటికే సంతలో పదిమంది ముందు అతను అడిగితే, గుండె మీద చెయ్యేసుకుని చెప్పేశాను, బండిలో ఏ తప్పూ లేదని. ఆ మాట ఎలా మింగను? దొన్ను లేని రోజు చూసి సరిచేద్దాంలే అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా రెండు వారాలు గడిపాను. ఆ రెండు వారాల్లో జీపు మూడుసార్లు ఆగింది.

నాలుగోసారి సంత రోజు ఉదయం. జనం సంతకి దిగుతుంటే పైకి వెళ్లే ట్రిప్పు ఖాళీగా ఉండాలి. ఆ రోజు మాత్రం కింద ఊళ్లో పెళ్లికి వెళ్లినవాళ్లందరూ తిరిగి ఎక్కారు. లోపల కిక్కిరిసిపోయి, వెనక మెట్టు మీద కూడా వేలాడారు. మెట్టు మీద దొన్ను కూతురు ఉంది. ఎనిమిదేళ్ల గుంట. పెళ్లిలో కట్టిన కనకాంబరాలు ఇంకా తల్లోనే ఉన్నాయి.

వంపులో ఇంజిను చచ్చిపోయింది. ఇంజిను ఆగితే ఆ పాత జీపుకి బ్రేకు సగమే పడుతుంది. తాత రాయి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, పెట్టాడు. అన్ని రోజులూ ఆగిన చక్రం ఆ రోజు బరువుకి రాయి ఎక్కేసింది. ఎక్కి, పక్కకి తిరిగి, జీపు గట్టుకి కొట్టుకుని పక్కకి పడిపోయింది. పాప దాని కింద ఉంది.

నాకు కబురొచ్చి మోటారు సైకిలు మీద వెళ్లేసరికి జీపుని లేపి నిలబెట్టారు. దొన్ను రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, పాప వాడి ఒళ్లో ఉంది. పాప నడుము కింద ఏమీ సరిగా లేదు, ప్రాణమూ లేదు. నేను చూశాను. చూడనట్టు చెప్పను. ఇద్దరు ముగ్గురు చేతులు విరిగి మూలుగుతున్నారు. తాత చక్రం పక్కనే, ఆ రాయి దగ్గరే నిలబడి ఉన్నాడు. అప్పటికి ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి ఎవరూ ముట్టుకోలేదు.

దొన్ను తల ఎత్తి నన్ను అడిగాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు.

"బండి సూడు మేస్త్రీ. బండిలో ఏటైనా తప్పుందా?"

బానెట్ ఎత్తాను. ఏం చూశాను? ఏమీ చూడలేదు. ఇంజిను వైపు మొహం పెట్టి లెక్కపెట్టుకుంటున్నాను, ఎంతసేపు చూస్తే చూసినట్టుంటుందా అని. వెనక ముప్పై మంది నిలబడ్డారు. ఆ రెండు వేళ్ల ముక్క సంగతి చెప్తే నన్ను అక్కడే చంపేస్తారనిపించింది. చంపేవాళ్లేమో. ఏమో, చంపేవాళ్లు కాదేమో. బానెట్ దించి అన్నాను.

"బండిలో ఏ తప్పూ లేదు."

మా కిందివాళ్లం కొండవాళ్ల గురించి ఒక మాట తేలిగ్గా అనేస్తాం, వాళ్లకి మూఢనమ్మకాలని. ఆ రోజు వాళ్లు ముందు నమ్మింది నన్ను. మిషన్లు తెలిసినవాడు మిషనులో తప్పు లేదన్నాడు. మరి తప్పు ఎక్కడుంది? అందరి కళ్లూ రాయి మీదికి వెళ్లాయి. చిల్లంగి అన్నారెవరో. అంటే చేతబడి. ఆ మాట నోటి నుంచి పడడమే ఆలస్యం.

ముందు ఒక ఆడమనిషి తాతని చెప్పుతో కొట్టింది. ఆ తర్వాత కర్రలు. జీపు మీద మూటలు కట్టే తాడుతో చేతులు వెనక్కి విరిచి కట్టారు. మోకాళ్ల మీద కొట్టారు, పడిపోతే జుట్టు పట్టుకుని లేపారు. ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు, ఎండిన వెదురు విరిగినట్టే ఉంటుంది. తాత అరుస్తూనే ఉన్నాడు. "నూనె అందడం నేదు, ఆ బాబునడగండి, నూనె అందడం నేదు" అని. అరుస్తూ నా వైపే చూస్తున్నాడు. నేను పనిపెట్టె మూత వేసుకుంటున్నాను.

"మంత్రం సదువుతన్నాడు," అన్నారెవరో. "పళ్లూడగొడితే మంత్రం పలకదు."

అది అక్కడ ఎప్పట్నించో ఉన్న పద్ధతి. రాయితో కొట్టబోతుంటే దొన్ను ఆపాడు. పాపని పక్కన పడుకోబెట్టి, లేచి, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"నీ ప్లయరిటియ్యి."

ఇచ్చాను.

ఇంకొక సంగతి ఉంది. దీన్ని ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇచ్చే ముందు ప్లయర్‌కి అంటిన గ్రీజుని గుడ్డతో తుడిచాను. ఎవరు ఏ సామాను అడిగినా తుడిచి ఇవ్వడం నాకు అలవాటు. జారిపోకూడదు కదా. ఆ చేతికి అది జారకుండా చూసింది నేను.

భయపడి ఇచ్చానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆ కొండ మీద అసలు సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆ ముసలాయనా. ఆయన నోరు మూతపడితే ఎవరికి మంచిది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ప్రతిసారీ వెనక్కి తిరిగిపోతాను. ఈ రోజు తిరగను. నాకే మంచిది. గుడ్డతో తుడుస్తున్నప్పుడు ఆ సంగతి నా లోపల ఏ మూలో తెలిసే ఉంది.

ఇద్దరు తల పట్టుకున్నారు. దొన్ను ఏడుస్తూ పీకాడు. ఒక్కొక్కటే. మధ్యలో ఒకటి విరిగిపోతే మళ్లీ పట్టుకున్నాడు. అయ్యాక ప్లయర్ తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

పోలీసు కాగితాల్లో జీపు బోల్తా అనే ఉంది. గాసి తాత కూడా జీపు కింద పడే దెబ్బలు తిన్నట్టు రాసుకున్నారు. నేనూ అలాగే చెప్పాను.

నెల తర్వాత దొన్ను జీపుని షెడ్డులో వదిలేశాడు, దాని మొహం చూడలేనని. అప్పుడు, చేతులు కాలాక, ట్యాంకు దింపి విశాఖపట్నం నుంచి తెచ్చిన కొత్త పైపు వేశాను. ఇంకొక ప్రాణం పోకూడదని చేశాను. ఇదొక్కటైనా మంచి పని అనుకున్నాను. జీపు మళ్లీ తిరిగింది. వంపులో ఒక్కసారి కూడా ఆగలేదు. దాంతో ఊరంతా తేల్చేసింది. పళ్లు పోయాయి, చిల్లంగి పోయింది, బండి బాగుపడింది. అంతవరకూ కాస్త సందేహం ఉన్నవాళ్లకి కూడా నా కొత్త పైపుతో సందేహం తీరిపోయింది. ఆయన చేనులోంచి నడవడం మానేశారు. ఆయన ముట్టుకున్న నీళ్లు ఒలకబోశారు.

పైపు మార్చిన మొదటి రోజు జీపుని పైదాకా నడిపి చూసింది నేనే. వంపు దగ్గర తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, కాలికి వెదురుబద్దలు కట్టుకుని. జీపు ఆగకుండా ఎక్కింది. ఎక్కించి, ఎందుకో ఆపి దిగాను. తాత కాసేపు ఇంజినునే విన్నాడు. తర్వాత పళ్లు లేని నోటితో, అక్షరాలు జారిపోతుంటే కూడదీసుకుని, ఒక్క మాట అన్నాడు.

"అందతంది."

నూనె అందుతోంది అని. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే తల వంచుకుని వినేవాణ్ని. లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేశారు, దొన్ను జీపు అమ్మేసి ఆటో కొన్నాడు. కాఫీ తోటలు చూడ్డానికి వచ్చేవాళ్ల కార్లు ఆ వంపులో ఇంకా ఆగిపోతూనే ఉంటాయి, వేడెక్కో, గేరు తప్పో. తాత ఉన్నాడు. ఆ రాయీ ఉంది. బండి గొంతు సన్నబడితే కుంటుకుంటూ లేస్తాడు. చేతిలో రాయితో వస్తున్న పళ్లు లేని ముసలాణ్ని చూసి కారులోవాళ్లు భయపడి అద్దాలు ఎత్తుకుంటారు. ఆయన చక్రం కింద రాయి పెట్టి, బండి వెనక కూర్చుంటాడు. నాకు ఫోను వస్తుంది. నేను వెళ్తాను, బాగు చేస్తాను. మా ఇద్దరి మధ్యా కారు ఉంటుంది. ఏం తప్పు జరిగిందని కారువాళ్లు అడుగుతారు. చెప్తాను. వాళ్లకి చెప్పడం చాలా సులువు.

మరి ఊళ్లో ఎందుకు చెప్పవు అంటారు మీరు. చెప్తే దొన్ను ఏమవుతాడు? కూతుర్ని చంపినవాడి మీద కసి తీర్చుకున్నాననే ఒక్క ఊరటతో బతుకుతున్నాడు. ఆ చేతులతో ఏం చేశాడో వాడికి తెలిసిపోతే? ఇలా అని నన్ను నేను ఒప్పించుకుంటూ ఉంటాను. ఇదీ వంకే. బానెట్ ఎత్తి ఇంజినులోకి చూసినట్టు నటించినవాడికి వంకలు కొత్త కాదు.

మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతిలో లేదు, నేను అడగడం లేదు. ఆ రోజు దొన్ను అడిగిన దానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. నా చేత్తో రాయడం ఇదే మొదలు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఉంది దొన్నూ. బండిలో తప్పుంది. రెండు వేళ్ల పొడవు. నేనే కోశాను.