అక్క వేళ్లకు కుదిర్చిన గిటారు

నా చిన్నప్పుడు శ్రీరాంపూర్ బొగ్గుగని క్వార్టర్లలో మా గోడకు ఆనుకునే పక్కింటి అక్క వాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల నాన్నను నేను పెద్దబాపు అనేదాన్ని. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. కప్పును కర్రతో తట్టి, మోతను బట్టి గట్టిదో బోలుదో చెప్పేవాడు. ఇంటికొచ్చినా ఆ చెవికి తీరిక ఉండేది కాదు. మా తలుపు కిర్రుమంటే గోడ అవతలి నుంచే ఏ బందు వదులైందో చెప్పేవాడు.

అక్కకు గిటారు పిచ్చి. చర్చిలో ఉన్న ఒక్క గిటారు మీదే నేర్చుకుంది. ఆదివారం తప్ప అది ఆమె చేతికి వచ్చేది కాదు. అందుకని పెద్దబాపు దాన్ని చూసి కొలతలు తీసుకుని, టేకు చెక్కతో తానే ఒకటి చేయబూనాడు. నెలల తరబడి సాగింది ఆ పని. ఇంకెన్నాళ్లని అక్క సతాయించేది, నేను ఇద్దరికీ అడ్డం పడుతుండేదాన్ని.

చివరికి మిగిలింది సాడిల్, అంటే కింద తీగలు ఆనే ఎముక ముక్క. అది వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా, వట్టి తీగ సరిగానే పలుకుతుంది గానీ మెడకు అడ్డంగా ఉండే మెట్ల మీద వేలు పెట్టగానే స్వరం తప్పుతుంది. పెద్దబాపు దాన్ని అతికించకుండా ఆపాడు. గట్టిగా ఒత్తితే తీగ సాగి స్వరం పైకి పోతుంది, ఒక్కొక్కరి ఒత్తు ఒక్కోలా ఉంటుంది, అందుకని వాయించే మనిషి వేలు పడ్డాకే దాని చోటు ఖాయం చేయాలని ఆయన పట్టు. అంతలో అక్కకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రి నుంచి రానీ, దాని చేతితోనే చూద్దాం అన్నాడు. అక్క రాలేదు.

గిటారు చాలా కాలం గోడకు అలాగే వేలాడింది. చూడలేక అక్క వాళ్ల అమ్మ, పెద్దమ్మ, దాన్ని చర్చికి ఇచ్చేయమంది. సగంలో ఆగిన పని ఇవ్వనని, ఒక మధ్యాహ్నం పెద్దబాపు నన్ను పిలిచాడు. అక్క నాకు కాస్త నేర్పి ఉంది మరి. ఎముక ముక్కను ఊరికే తీగల కింద నిలబెట్టాడు. పన్నెండో మెట్టు దగ్గర తీగను తాకీ తాకకుండా మీటమన్నాడు, తర్వాత అక్కడే ఒత్తి మీటమన్నాడు. రెండూ ఒకే స్వరం పలకాలి. నేను ఒత్తితే స్వరం పైకి పోయింది. ఆయన ముక్కను కొంచెం వెనక్కి జరిపాడు. ఈసారి రెండూ కలిశాయి. నేను మురిసిపోయాను.

ఆయన మురవలేదు. నా వేలిని చూసి, ముక్కను మళ్లీ ముందుకు జరిపాడు.

"గిది నీ చెయ్యి బిడ్డా. మీ అక్క గట్టిగ ఒత్తకపోయేది. జర మెల్లగ ఒత్తు."

మెల్లగా ఒత్తాను. ఇంకా మెల్లగా అన్నాడు. తీగ చిటచిటలాడింది. ఒక పిసరు బలం పెంచాను. రెండు స్వరాలూ ఒక్కటయ్యాయి.

"గంతే. గట్లనే ఒత్తేది," అని గిటారు మీద తల ఆనించి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయంతో తీగ మీది వేలు తీయలేదు.

ఆ చోటే ఖాయం చేశాడు. గిటారు చర్చికి పోలేదు. బలంగా ఒత్తేవాళ్ల దగ్గర అది అపస్వరం పలుకుతుందని నాకే ఇచ్చాడు.

ఇప్పుడు పెద్దబాపు లేడు, పెద్దమ్మా లేదు. మొన్న నా మనవడు గిటారును కరీంనగర్‌లో బాగుచేసేవాళ్లకు చూపించుకొచ్చి, సాడిల్ తప్పు చోట ఉంది అమ్మమ్మా, జరిపిద్దాం అన్నాడు. తాను ఒత్తి మీటి, ఫోనులో స్వరం చూపే ముల్లు పక్కకు పోవడం చూపించాడు. గిటారు ఒళ్లోకి తీసుకుని, అదే మెట్టు మీద నేను మెల్లగా ఒత్తి మీటాను. ముల్లు నడిమధ్యలో నిలిచింది. వాడు ఫోను పాడైందేమోనని తిప్పి చూసుకున్నాడు.

అక్క ముఖం నాకిప్పుడు సరిగా గుర్తు రాదు, గొంతైతే అసలే గుర్తు లేదు. ఆమె వేలి బరువు మాత్రం నా వేలికి తెలుసు.