ఎనిమిదింటికే వచ్చే నా కార్డు

బర్మాలోని యాంగోన్‌లో, లైంగ్‌థార్యార్ పేటలోని బట్టల ఫ్యాక్టరీలో హాజరు సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. నేనెప్పుడొచ్చినా నా కార్డు ఎనిమిదింటికే వచ్చినట్టు చూపే లైనొకటి అందులో దాచాను. నన్ను చూసే సూర్యుడు టైము దిద్దుకుంటాడని గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ణి.

పోయిన వానాకాలం, సోర్స్ కోడ్‌లో లోపాలు వెతికే టూలుతో సత్యవతి వచ్చింది. ఊళ్లోనే తామ్వే పేటలో, మా తెలుగువాళ్ల వీధి పిల్లే. పక్కన మేనేజరు ఊ తిన్ కూర్చున్నాడు. నా లైను దొరికితే ఉద్యోగం ఊడినట్టే. స్కాను నలభై శాతం, అరవై శాతం అంటోంది. నేను నాలుగుసార్లు నీళ్లు తాగి, ఆరుసార్లు లేచాను.

“ఏటి మావయ్యా, కుర్చీలో చీమలున్నాయేటి?” అంది సత్యవతి.

తొంభై దాటేసరికి ఆగలేక అంతా చెప్పేశాను.

“మళ్లీ కథలా?” అన్నాడు ఊ తిన్, తల తిప్పకుండానే.

స్కాను ముగిసింది. కోడ్‌లోనే రాసి వదిలేసిన పాస్‌వర్డుల్లాంటివి బోలెడు పట్టింది గానీ, నా లైను పట్టలేదు.

“ఎవులు లేటో దీనికేటి తెలుస్తాది మావయ్యా,” అందా పిల్ల.

ఊ తిన్ నమ్మడానికి ఆ లైను నేనే వెతికి చూపించాల్సి వచ్చింది.

నా అంతట నేనే ఒప్పుకున్నందుకు ఉద్యోగం మిగిలింది, నేను రాసే ప్రతి లైనూ సత్యవతి చదవాలన్న షరతు మీద. నా కోతలు విన్నవాళ్లు ఊరంతా ఉన్నారు. ఒక్కో లైను దగ్గరా ఆగి “ఇదెందుకు మావయ్యా?” అని అడిగేది ఆ పిల్ల ఒక్కతే. జవాబు చెప్పలేని లైను రాయడం అప్పట్నుంచీ మానేశాను.